కుడిచెవి సాక్ష్యం

ట్యూబు మార్చినా గరగర పోలేదు.

వసుంధర స్విచ్ ఆపి, కాలుతున్న ట్యూబుని పాతగుడ్డతో పట్టుకుని పైకి లాగి, డబ్బాలోంచి ఇంకోటి తీసి సాకెట్‌లో నొక్కింది. గాజులోపల ఎర్రటి చుక్క వెలిగి, అది నెమ్మదిగా వేడెక్కేదాకా అక్కా తమ్ముడూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

గాజువాకలో ఆమె ఇంటి వెనకగది అది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి వచ్చాక సాయంత్రాలు ఆ గదిలోనే, టంకం పొగలో గడిచిపోతాయి ఆమెకి. ఇప్పుడు చేస్తున్నది తమ్ముడు పైడిరాజు కోసం ఒక హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్. ముందు పాతకాలపు గాజు ట్యూబు, వెనక ఈ కాలపు మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు. ట్యూబు పాటకి మెత్తదనం ఇస్తుంది. హెడ్‌ఫోన్‌ని కదిలించేంత కరెంటు ఇవ్వడం దాని వల్ల కాదు కాబట్టి ఆ బరువు మాస్‌ఫెట్ మోస్తుంది.

రాజు పనిచేసే రసాయనాల ఫ్యాక్టరీలో రియాక్టరు పేలినప్పుడు అతని ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి మిగిలింది గాని, ఫోన్‌లో పాట పెట్టుకుంటే గాజుపెంకుతో గీసినట్టుంటోందని అన్నాడు. తమ్ముడికి పాటలంటే ప్రాణమని ఆమెకి తెలుసు. అందుకే ఈ పని మొదలుపెట్టింది.

"ఇప్పుడెలాగుంది?" అని అడిగింది.

"పాట బాగున్నాదక్కా. యెనకాల ఆ చప్పుడే పోలేదు. ఎవరో రేకు మీద నడుస్తన్నట్టు."

వసుంధర ఒక్కొక్క భాగాన్నీ అనుమానిస్తూ వచ్చింది. ఎడాప్టరు వల్లనేమోనని దాన్ని తీసేసి బ్యాటరీలు పెట్టింది. ట్యూబుకీ మాస్‌ఫెట్‌కీ మధ్యనున్న కెపాసిటర్ మార్చింది. ట్యూబుని పెన్సిలుతో తట్టి చూసింది. లోపల వదులైపోయిన ట్యూబయితే గంటలా మోగుతుంది, ఇది మోగలేదు. చివరికి హెడ్‌ఫోన్ తనే పెట్టుకుని చూసింది. ఏ చప్పుడూ లేదు. తమ్ముడికి పెట్టింది. చప్పుడుందన్నాడు.

"పాట ఆపేస్తాను. ఊరికే పెట్టుకుని కూర్చో" అని, హెడ్‌ఫోన్ తీగలకే ఇంకో చిన్న ఆంప్లిఫయరూ స్పీకరూ తగిలించింది, తనకి కూడా వినపడాలని.

స్పీకర్లోంచి ఇనుపమెట్ల మీద బూట్ల చప్పుడు వచ్చింది. ఎవరో దగ్గారు. గొంతు సవరించుకుని, "రాజూ" అన్నారు.

పైడిరాజు హెడ్‌ఫోన్ లాగి బల్లమీద పడేశాడు.

"కొండన్న" అన్నాడు. "అక్కా, అది కొండన్న గొంతు."

అప్పలకొండ ఆ పేలుడులో చనిపోయినవాళ్ళలో ఒకడు.

* * *

దయ్యాల గురించి ఆలోచించే మనిషి కాదు వసుంధర. చెవి వినడమే కాదు, తనంత తానుగా సన్నటి చప్పుడు పుట్టిస్తుందని కూడా ఆమెకి తెలుసు. పుట్టిన బిడ్డలకి వినికిడి ఉందో లేదో డాక్టర్లు ఆ చప్పుడు పట్టుకునే చెబుతారు. హెడ్‌ఫోన్ కూడా అంతే, మాట్లాడే పరికరమే వినగలదు కూడా. ఆమె ట్యూబు ఒక సన్నటి, ఎడతెగని ఊపుని రాజు చెవిలోకి పంపుతోంది. ఆ ఊపుకి చెవి బదులు పలుకుతోంది. పేలుడు తాకిడి వచ్చిన క్షణంలో అతని చెవిలోపల చప్పుడుని పట్టే సన్నటి నూగు ఎలా కదులుతూ ఉందో అలాగే బిగుసుకుపోయింది. అంతకుముందు కాసేపు విన్నదంతా తడి సిమెంటు మీద అడుగుల్లా అక్కడ నిలిచిపోయింది. ఇప్పుడది కొద్దికొద్దిగా వదులవుతోంది.

ఇదంతా ఆమె ఊహే. కానీ మర్నాడు మళ్ళీ హెడ్‌ఫోన్ పెట్టి చూస్తే ఆ బూట్ల చప్పుడు గాని, ఆ దగ్గు గాని, ఆ పిలుపు గాని రాలేదు. వాటి వెనకాల ఉన్నదేదో, అలారం కూతలాంటిది, రెండు క్షణాలు వచ్చి ఆగిపోయింది. అదీ మళ్ళీ రాలేదు. ఒకసారి పలికింది రెండోసారి పలకడం లేదు.

పలికింది ఎక్కడికి పోతోందో రాజు ఇంట్లో తెలిసింది.

ఆదివారం పొద్దున వసుంధర వెళ్ళేసరికి తమ్ముడు వంటింటి గుమ్మం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. పొయ్యి మీద కుక్కరు కూస్తోంది. మరదలు సుగుణ దొడ్డి లోంచి అరిచింది. "అది అన్ని కూతలు కూస్తంటే కట్టెయ్యరేటండీ? పప్పు మాడిపోతాది!"

రాజు తలెత్తాడు. "కూసిందా?"

సుగుణ చేతిలోని బట్టలు అలాగే పట్టుకుని లోపలికి వచ్చింది. కుక్కరు మళ్ళీ కూసింది. ఇద్దరు ఆడవాళ్ళూ అతన్నే చూస్తున్నారు. అతను వాళ్ళని చూస్తున్నాడు గాని కుక్కరు వైపు చూడలేదు.

"జోషితా" అని కూతురిని పిలిచింది సుగుణ. "నాన్నకి నీ పేరు చెప్పు."

"జోషిత" అంది ఆ పిల్ల, ఇదేదో ఆటనుకుని.

"జో... ఇత" అన్నాడు రాజు. "మజ్జిలో ముక్క రాట్లేదు."

చెవి డాక్టరు పరీక్ష చేసి, సన్నటి చప్పుళ్ళన్నీ పోయాయని చెప్పాడు. కూతలు, పక్షుల అరుపులు, మాటల్లోని స, ష లాంటివి. పేలుడు దెబ్బ ఆలస్యంగా బయటపడుతోందని ఆయన అనుకున్నాడు. వసుంధర మాత్రం బయటికి రాగానే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంది.

"రాజూ, ఆ మాట పలికించినప్పుడల్లా నీ చెవి అరిగిపోతోందిరా. నేనే చేశాను. ఇంక దాని జోలికి పోవద్దు. ఆ డబ్బా నేను విప్పేస్తాను."

రాజు ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కా" అన్నాడు. "ఇంకా ఎంతున్నాది లోపల?"

* * *

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆమెకి తెలుసు.

ప్రమాదం మీద ప్రభుత్వం వేసిన కమిటీ ముందు కంపెనీ చెప్పింది ఒకటే మాట. రియాక్టరు దగ్గరున్న అప్పలకొండ హెడ్‌సెట్‌లో హెచ్చరించాడు, కంట్రోల్ రూములో ఉన్న పైడిరాజు రియాక్టరులోకి రసాయనం పంపే ఫీడ్ ఆపలేదు, అంతా అతని అజాగ్రత్త. కంట్రోల్ రూములోని రికార్డులన్నీ కాలిపోయాయి. ఆ గదిలో పనిచేసినవాళ్ళలో బతికింది రాజు ఒక్కడే. అతనికి మధ్యాహ్నం క్యారేజీ విప్పి అన్నం తిన్నదాకా గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

"నిద్రపోయానేమో అక్కా" అనేవాడు ఒక్కోసారి. "ఫోన్ చూస్తన్నానేమో. కొండన్న అరుస్తంటే నాను ఫోన్ చూస్తన్నానేమో."

అప్పలకొండ భార్య నూకరత్నం రెండు వీధుల అవతలే ఉంటుంది. ఒకప్పుడు రాజు ఆమె ఇంట్లో చొరవగా గిన్నె మూత తీసి చేపల పులుసు వడ్డించుకునేవాడు. ఇప్పుడామె ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది.

చెవిలో మిగిలిందంతా పలికించాలన్న నిర్ణయం రాజు చెప్పిన రోజున అతని ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"ఆవిడ మొగుడి మాట కోసం నా మొగుడు చెవిటోడయిపోవాలా?" అంది సుగుణ. "వదినా, మీరైనా చెప్పండి. ఆ కమిటీవోళ్ళు ఏటంటే అదే అననీండి. ఉజ్జోగం పోతే పోతాది. గుంటదాని మాట ఇనపడకుండా ఈయన ఎలా బతుకుతాడండీ?"

రాజు సుగుణ చెయ్యి పట్టుకున్నాడు.

"నాలో ఏటున్నాదో తెలీకుండా దాని మాట ఎలా ఇంటాను, సుగుణా? అది నాన్నా అన్నప్పుడల్లా, కొండన్న పిల్లలు గుర్తొస్తన్నారు నాకు."

సుగుణ చెయ్యి విడిపించుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

* * *

ఒకసారే వీలవుతుంది. తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం లేదు. వసుంధర జీవితంలో ఎన్నో ఆంప్లిఫయర్లు కట్టింది గాని, ఇలాంటిది ఎప్పుడూ కట్టలేదు. ఇంతకుముందు ఏ భాగం పెట్టాలన్నది ఇష్టాల మీద ఉండేది. పాట వెచ్చగా ఉండాలా, తేటగా ఉండాలా అన్నంతవరకే. ఇప్పుడు ప్రతి భాగం ఒక మనిషి చెవితో ముడిపడి ఉంది.

ట్యూబుల డబ్బా ముందేసుకుని ఒక్కొక్కటే వేడెక్కించి, పెన్సిలుతో తట్టి, బుస లేనిదాన్ని ఏరింది. పెద్ద ట్యూబు గొప్పగా పలుకుతుంది, కానీ దాని సొంత బుసలో సన్నటి మాట మునిగిపోతుంది. చివరికి పేరు కూడా చెరిగిపోయిన ఒక చిన్న పాత ట్యూబు మిగిలింది. కరెంటు లైను రొద రాకుండా బ్యాటరీలే ఖాయం చేసింది.

అక్కడిదాకా సులువే. మాస్‌ఫెట్ దగ్గరే ఆగిపోయింది.

రెండు బోర్డులు కట్టింది. మొదటిదానిలో మాస్‌ఫెట్‌కి తక్కువ కరెంటు, చివర చిన్న కెపాసిటర్. అది చెవిని మెల్లగా తడుతుంది. మాట వస్తుంది గాని గోడ అవతల నుంచి వచ్చినట్టు వస్తుంది. చిన్న కెపాసిటర్ మగగొంతులోని బరువుని ఆపేస్తుంది కాబట్టి ఎవరి గొంతో పోల్చుకోవడమూ కష్టమే. చెవి మాత్రం సగమైనా మిగలవచ్చు. రెండోదానిలో నిండు కరెంటు, పెద్ద కెపాసిటర్, అరచెయ్యంత అల్యూమినియం రేకు వేడిని లాగడానికి. అది లోపలున్నదంతా పెకలించి తెస్తుంది. ఏమీ మిగల్చదు.

రెండు బోర్డులకీ ఒకే రకం చెక్క పెట్టె. బయటినుంచి చూస్తే తేడా తెలియదు.

ఆమె మొదటిదాన్ని పెట్టెలో బిగించింది. ఏది బిగించిందో తమ్ముడికి చెప్పకూడదనుకుంది.

* * *

మధ్యాహ్నం రాజు వచ్చాడు. సుగుణ రాలేదు. కాసేపటికి గుమ్మంలో నూకరత్నం నిలబడింది. రాజే కబురు పంపాడు.

ఆమె రాజు వైపు చూడకుండా గోడవారన కింద కూర్చుంది. "మేస్టరమ్మా, నిజంగా ఆరి గొంతు వస్తాదా ఇందులోంచి?"

"రావచ్చు నూకరత్నం. ఎంతవరకో చెప్పలేను."

"ఒక్క మాటైనా చాలు తల్లీ. అరిసేడో, ఏడిసేడో, నన్నేటైనా తలిసేడో నాకు తెలవాల."

ఫ్యాను చప్పుడు రాకుండా వసుంధర ఆపేసింది. కిటికీలు మూసింది. రికార్డరు కలిపింది. ఉక్కపోతకి ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. రాజు హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకుని, ఆగాడు.

"అక్కా, రెండు కట్టానన్నావు కదా. ఇందులో ఏది పెట్టావు?"

వసుంధర రికార్డరు వైరు సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

"అక్కా."

"నీకు సగం చెవైనా మిగలాలిరా" అంది ఆమె. "నేను కట్టిన డబ్బా నిన్ను పూర్తిగా చెవిటివాణ్ణి చేస్తే నేను చూడలేను."

"సగం మాటొస్తే ఏటి లాభం? ఎవడిక్కావాలంటే ఆడు మిగతా సగం పూరించుకుంటాడు. కంపెనీ లాయరు ముందుంటాడు." అతని స్వరంలో కోపం లేదు. "ఒక్కసారి కాల్చుకునే టపాకాయ ఇది. తడిపి కాలిస్తే ఎలాగక్కా?"

నూకరత్నం అప్పుడు మొదటిసారి అతని మొహంలోకి చూసింది. ఏం జరగబోతోందో ఆమెకి అప్పటిదాకా తెలియదు. "చెవిటోడివి అవడం ఏటి? ఏటంతన్నావు రాజూ?"

వసుంధర స్క్రూడ్రైవరు తీసుకుంది. నాలుగు మరలు విప్పి, మొదటి బోర్డు పక్కన పెట్టి, రెండోది బిగించింది. ట్యూబు మార్చి పెట్టేటప్పుడు అది సాకెట్‌లో సరిగ్గా దిగలేదు. రాజే ఆమె చెయ్యి మీద చెయ్యివేసి నొక్కాడు.

ట్యూబు వేడెక్కింది. అల్యూమినియం రేకు మీద చెయ్యి ఆన్చలేనంత వేడి వచ్చాక, వసుంధర తమ్ముడి తల నిమిరి హెడ్‌ఫోన్ పెట్టింది. "నీకు హోరు తప్ప ఏమీ వినపడదు. భయపడకు" అంది, పెదాలు కనపడేలా.

మీట తిప్పింది.

రాజు బల్ల అంచు పట్టుకున్నాడు. మెడ నరాలు బిగిశాయి. స్పీకర్లో ముందు ఏసీ రొద, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. అలారం కూత మొదలైంది. దాని మధ్యలోంచి, పక్కనే నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా:

"రాజూ, ఫీడ్ ఆపీ. రియాక్టరు జాకెట్‌లో చల్లనీళ్ళు తిరగట్లేదు. వేడి ఎక్కీసింది."

నూకరత్నం నోటికి చీరకొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆపుతన్నాను కొండన్నా." రాజు గొంతు. నిద్రలో ఉన్నవాడి గొంతు కాదు. "సార్, ఆర్‌టూ రియాక్టరు ఫీడ్ ఆపేస్తన్నానండి."

ఇంకో గొంతు, హెడ్‌సెట్‌లోంచి. "ఎవరు ఆపమన్నారు? ఇప్పుడు ఆపితే బ్యాచ్ మొత్తం పారబోయాలి. నేను వస్తున్నాను. నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దు."

"సార్, కొండన్న చెబుతన్నాడు..."

"ముట్టుకోవద్దన్నానా లేదా?"

అలారం కూత. ఒకరి ఊపిరి, గట్టిగా. వసుంధర మీట మీద వేలు ఆనించి కూర్చుంది. ఇక్కడ ఆపేస్తే చాలు. తమ్ముడు నిర్దోషి. కొంత చెవి మిగిలే ఉంటుంది. ఆమె వేలు కదిలేలోపే రాజు గొంతు మళ్ళీ వచ్చింది.

"కొండన్నా, సార్ వస్తన్నారంట. నువ్వక్కడే ఉండు. రీడింగు చెబుతా ఉండు."

"రాజూ, ఇక్కడ నిలబడ్డానికి లేదురా."

"ఒక్క నిమిషం అన్నా. ఎల్లిపోకు. నువ్వెల్లిపోతే నన్నంటారు."

"సరే, ఉంటాన్లే."

ఆ తర్వాత ఏమీ లేదు. స్పీకర్లోంచి ట్యూబు బుస ఒక్కటే వస్తోంది.

వసుంధర ఆపింది. రాజు హెడ్‌ఫోన్ తీసి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఏటొచ్చింది?" అన్నాడు. తన గొంతు తనకే వినపడక గట్టిగా అరిచాడు. "ఏటన్నాడు కొండన్న? నానేటన్నాను?"

నూకరత్నం లేచింది. రాజు మొహంలోకి చూసి, తలుపు తీసుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

వసుంధర పలక తెచ్చి రాయడం మొదలుపెట్టింది. అప్పలకొండ మాట రాసింది. రాజు సార్ అని పిలిచిన షిఫ్టు మేనేజరు మాట రాసింది. 'ముట్టుకోవద్దు' దగ్గర బలపం ఆగింది. పలక తమ్ముడి వైపు తిప్పింది. అతను చదివి, కళ్ళు తుడుచుకుని, ఆమె చేతి వైపు చూశాడు.

"ఇదొక్కటే ఇంటే నూకరత్నం వదిన అలా ఎల్లిపోదు" అన్నాడు. "ఇంకా ఉన్నాది కదా?"

ఆమె తుడిచి, మిగతాది రాసింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు. బయట ఎవరో ఆటో స్టార్టు చేసుకుంటున్న చప్పుడుకి వసుంధర ఉలిక్కిపడింది. అతను కదలలేదు.

"మొత్తం వినిపించు అక్కా" అన్నాడు. "కమిటీ దగ్గర. చివరిదాకా."

* * *

విచారణ కలెక్టరాఫీసు పక్కనున్న హాల్లో జరిగింది. చెవిలోంచి వచ్చిన మాట సాక్ష్యమెలా అవుతుందని కంపెనీ లాయరు లేచి చాలాసేపు వాదించాడు. కమిటీకి పెద్ద అయిన రిటైర్డు జడ్జి వసుంధరని వివరంగా ప్రశ్నలడిగాడు, మాట పలికించక ముందూ, తర్వాతా డాక్టరు ఇచ్చిన రెండు పరీక్షల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "నమ్మాలో వద్దో తర్వాత తేలుస్తాం. ముందు వినకుండా ఎలా?" అన్నాడు.

రాజు ముందు వరుసలో ఒక పక్కగా కూర్చున్నాడు. అక్కణ్నుంచి హాలు మొత్తం కనిపిస్తుంది. సుగుణ అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. ఆ రోజు తలుపేసుకున్నాక మళ్ళీ ఆమె అతన్ని తాకడం ఇదే. ఆ రోజు ఫీడ్ ముట్టుకోవద్దన్న షిఫ్టు మేనేజరు శశిధర్ రెండో వరుసలో లాయరు వెనక ఉన్నాడు. ఇంకాస్త అవతల, చనిపోయినవాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళతో కలిసి నూకరత్నం కూర్చుంది.

వసుంధర రికార్డరు మీట నొక్కడం రాజు చూశాడు. ఆ తర్వాత అతనికి మొహాలే మిగిలాయి.

ముందు అందరూ ఒకేసారి ముందుకి వంగారు. అలారం కూత అయివుంటుంది. ఆడవాళ్ళలో ఒకామె నూకరత్నం భుజం మీద చెయ్యి వేసింది. కొండన్న. జడ్జి రాసుకుంటున్న పెన్ను ఆగింది, ఆయన కళ్ళజోడు తీసి రెండో వరుస వైపు చూశాడు. శశిధర్ లాయరు చెవిలో ఏదో అంటున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. కొందరు రాజు వైపు తిరిగి జాలిగా చూశారు. అతను ఆ చూపులు తీసుకోలేదు. నూకరత్నం మొహం మీంచి కళ్ళు తిప్పలేదు.

ఆమె తల నెమ్మదిగా కిందికి వాలింది.

అతను సుగుణ చేతిలోంచి చెయ్యి తీసుకుని లేచి నిలబడ్డాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో అతనికి తెలియదు. హాలు చివరనున్న బంట్రోతు కూడా ఉలిక్కిపడ్డాడు.

"ఉండమన్నది నానేనండి. ఆ గొంతు నాదే. కొండన్న ఎల్లిపోతానంటే నా మీదకి వస్తాదని నానే ఉండమన్నాను."

జడ్జి ఏదో అన్నాడు. కూర్చోమని కాబోలు, చేత్తో సైగ చేశాడు. రాజు కూర్చోలేదు.

"నా గొంతుకి నాను లెగిసేను. దానికి ముందొచ్చిన గొంతు ఎవరిదో, ఆరిని కూడా లెగమనండి."

ఎవరైనా జవాబు చెప్పారేమో అతనికి తెలియదు. నూకరత్నం తలెత్తడం చూశాడు. తర్వాత జడ్జి, ఆయన పక్కనున్న ఇద్దరూ, ఆడవాళ్ళూ, పత్రికలవాళ్ళూ, ఒక్కొక్కరే రెండో వరుస వైపు తిరిగి అలాగే ఉండిపోయారు.